మీరు రాకపోతే అడిగేదెవరు?



ముందుగా ఒక ప్రశ్న. మీకు అరవై దాటాయా? అయితే ఈ ప్రశ్న మీకే. దాటలేదా? అయితే మీ ఇంట్లో పెద్దవాళ్ళ తరఫున వినండి.

రేపు పొద్దున మీరు గడప దాటి బయటికి రాలేదనుకోండి. ఎల్లుండి కూడా రాలేదనుకోండి. ఇంట్లోవాళ్ళు కాకుండా బయటి మనిషి ఎవరైనా ఫోన్ చేసి, "ఏమండీ, రెండ్రోజుల్నుంచి కనపడటం లేదు, ఒంట్లో బాగానే ఉందా?" అని అడుగుతారా?

ఒక్క పేరైనా మనసులో మెదిలిందా? సంతోషం. మెదల్లేదా? దిగులుపడకండి. ఈ ప్రసంగం మీ కోసమే.

ఇవాళ నేను చెప్పబోయేది ఒక్కటే మాట. పెద్ద వయసులో మనకి ఒక మనిషి కావాలి. మనం రాకపోతే అడిగే మనిషి. ఆ మనిషి ఉంటే ఒంటికి కదలిక ఉంటుంది, మనసుకి తోడు ఉంటుంది. రెండూ ఒకే దెబ్బకి దొరుకుతాయి. ఆ మనిషిని ఎలా సంపాదించుకోవాలి? అదే ఈ పావుగంటలో మాట్లాడుకుందాం.

నేను నిజాంపేటలో ఉంటాను. జేఎన్‌టీయూ దగ్గర పెద్ద రోడ్డు వదిలి లోపలికి తిరిగితే మా నిజాంపేట రోడ్డే. ఒకప్పుడు ఇది గ్రామ పంచాయతీ. 2019లో బాచుపల్లి, ప్రగతినగర్‌లతో కలిపి మున్సిపల్ కార్పొరేషన్ చేశారు. ఇప్పుడు ఎటు చూసినా అపార్ట్‌మెంట్లే. కొడుకులూ కోడళ్ళూ, కూతుళ్ళూ అల్లుళ్ళూ హైటెక్ సిటీలోనో గచ్చిబౌలిలోనో ఉద్యోగాలు చేస్తుంటారు. పొద్దున వెళితే చీకటిపడ్డాక వస్తారు. ఇంట్లో మనవల్ని కనిపెట్టుకుని ఉండేది ఎవరు? ఊళ్ళ నుంచి వచ్చిన తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు. ఒకరిది భీమవరం. ఒకరిది తెనాలి. ఒకరిది ఖమ్మం. ఇంకొకరిది కరీంనగర్.

ఊళ్ళో వీళ్ళకి పలకరింపులకి కొదవ లేదు. వీధిలో కాలు పెడితే చాలు, "ఏం బాబాయ్, ఎక్కడిదాకా?" అని ఒకరు. "ఏంది పెద్దమ్మా, నిన్న కనపడలే?" అని ఇంకొకరు. ఒక్కోసారి విసుగు కూడా పుట్టేది. ప్రతివాళ్ళకీ సంజాయిషీ చెప్పుకోవాలా అని.

ఇక్కడ ఆ బాధ లేదు. లిఫ్ట్‌లో ఎదురైనవాళ్ళు ఫోన్ చూసుకుంటారు. పక్క ఫ్లాట్ తలుపు ఎప్పుడు తీస్తారో, ఎప్పుడు వేస్తారో తెలియదు. ఎవరూ చెడ్డవాళ్ళు కారు. ఎవరి తొందర వాళ్ళది, అంతే. కానీ ఆ తొందరలో మన పెద్దాయన వారం రోజులు కిందికి దిగకపోయినా అడిగే నాథుడు ఉండడు.

అడగకపోతే ఏమవుతుంది? ముందు నడక మానేస్తాం. వాన అని ఒకరోజు. మోకాలు నొప్పి అని ఒకరోజు. టీవీలో మ్యాచ్ అని ఒకరోజు. నాలుగో రోజుకి కారణం కూడా అక్కర్లేదు. కూర్చున్నకొద్దీ కాళ్ళలో సత్తువ తగ్గుతుంది. సత్తువ తగ్గితే పడతామేమోనని భయం. భయం వేస్తే ఇంకా కూర్చుంటాం. కూర్చుంటే మనుషులు కనపడరు. మనుషులు కనపడకపోతే లేవాలనిపించదు. అంటే ఒళ్ళు కదలకపోవడం, మనిషి ఒంటరి కావడం వేరు వేరు కష్టాలు కావు. ఒకదాని చెయ్యి పట్టుకుని ఇంకొకటి ఇంట్లోకి వస్తుంది.

ఇది నా ఊహ మాత్రమే కాదు. అమెరికాలో జూలియన్ హోల్ట్ లున్‌స్టాడ్ అనే పరిశోధకురాలు తన సహచరులతో కలిసి 2010లో ఒక పెద్ద లెక్క తీశారు. అప్పటికే జరిగిన 148 అధ్యయనాలను ఒకచోట పెట్టి చూశారు. వాటిలో మూడు లక్షలమందికి పైగా మనుషులున్నారు. నలుగురితో గట్టి సంబంధాలు ఉన్నవాళ్ళు ఆయా అధ్యయనాల కాలంలో బతికి ఉండే అవకాశం, అవి లేనివాళ్ళకంటే 50 శాతం ఎక్కువగా తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఒక నివేదిక ఇచ్చింది. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని అందులో చెప్పింది. కాబట్టి పక్కింటాయనతో పిచ్చాపాటీ అంటే కాలక్షేపం అని కొట్టిపారెయ్యకండి. బీపీ మాత్ర వేసుకున్నంత శ్రద్ధగా దాన్ని చూసుకోవాలి.

సరే, అడిగే మనిషి ఉంటే అంత తేడా ఎందుకు వస్తుంది? మన ఆడవాళ్ళకి బాగా తెలిసిన చిట్టీ సంగతి తీసుకోండి. సొంతంగా నెలకి రెండు వేలు దాచమంటే దాచలేం. రెండు నెలలు దాస్తాం, మూడో నెల పండగ వస్తుంది. అదే చిట్టీ వేస్తే ఎలాగో ఒకలా కడతాం. ఎందుకు? తేదీ దాటితే చిట్టీ నడిపే ఆవిడ తలుపు కొడుతుంది కాబట్టి. మిగతా సభ్యులందరూ మన డబ్బు కోసం చూస్తుంటారు కాబట్టి. నడక కూడా అంతే. ఒక్కళ్ళమే అయితే వాయిదా వేస్తాం. కింద ఒక మనిషి నిలబడి ఉన్నాడంటే చెప్పులేసుకుంటాం.

మళ్ళీ చెబుతున్నాను. మనల్ని లేపేది పట్టుదల కాదు. కింద నిలబడి మన కోసం చూసే మనిషి.

మన తెలుగు నేల మీదే దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. ప్రొఫెసర్ చిలుకూరి శాంతమ్మ గారి పేరు వినే ఉంటారు. 1929లో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పారు. 1989లో రిటైరయ్యారు. అక్కడితో ఆగలేదు. తొంభై దాటాక కూడా విశాఖపట్నం నుంచి విజయనగరం వెళ్ళి, సెంచూరియన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. మోకాళ్ళకి ఆపరేషన్ అయింది. ఊతకర్రల సాయంతో నడుస్తూనే క్లాసుకి వెళ్ళారు. ఆవిడ పట్టుదలకి దణ్ణం పెట్టాల్సిందే. అయితే ఇంకో సంగతి కూడా గమనించండి. ఆ వేళకి క్లాసులో పిల్లలు కూర్చుని ఉంటారు. మేడమ్ రాకపోతే, "ఏమైంది?" అని అడుగుతారు. ఎదురుచూసేవాళ్ళు ఉన్నారు కాబట్టి బయల్దేరడానికి ఒక కారణం ఉంది.

మన హైదరాబాద్‌లో ఇంకో ఉదాహరణ. కాట్నం గంగాధర తిలక్ గారు. రైల్వేలో పనిచేసి 2008లో రిటైరయ్యారు. తర్వాత హైదరాబాద్ వచ్చారు. రోడ్ల మీద గుంతలు చూసి ఊరుకోలేకపోయారు. కంకర, తారు కారులో వేసుకుని స్వయంగా పూడ్చడం మొదలుపెట్టారు. జనం రోడ్ డాక్టర్ అని పిలిచారు. ఆయన భార్య వెంకటేశ్వరి గారు కూడా ఆ పనిలోకి దిగారు. తర్వాత తర్వాత కుర్రవాళ్ళు వచ్చి చెయ్యి కలిపారు. ఒక్కరితో మొదలైన పని ఇద్దరిదైంది, ఆపైన పదిమందిదైంది. మనందరం పార పట్టుకోవాలని నేననడం లేదు. చేతిలో ఒక పని ఉంటే దాని చుట్టూ మనుషులు చేరతారు అంటున్నాను.

ఇప్పుడు రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి ఒక రేడియో కథ. జపాన్‌లో 1928లో రేడియోలో వ్యాయామం చెప్పడం మొదలుపెట్టారు. పియానో మోగుతుంటే ఒక గొంతు చెబుతుంది. చేతులెత్తండి, దించండి, పక్కకి వంగండి అని. మధ్యలో కొన్నేళ్ళు ఆగినా, ఇవాళ్టికీ పొద్దున ఆరున్నరకి అది వస్తూనే ఉంది. అక్కడి పెద్దవాళ్ళు ఆ వేళకి దగ్గర్లో ఉన్న పార్కుకి చేరుకుంటారు. వ్యాయామం పది నిమిషాలే. కానీ ఆ పది నిమిషాల కోసం అందరూ ఒకే వేళకి ఒకే చోటికి వస్తారు. రానివాళ్ళెవరో వెంటనే తెలిసిపోతుంది.

దీన్నుంచి మనం పట్టుకోవాల్సినవి మూడు. వేళ మారకూడదు. చోటు మారకూడదు. మనిషి మారకూడదు. వేళ, చోటు, మనిషి. గుర్తుంది కదా? వేళ, చోటు, మనిషి.

ఇవి ఎక్కడ దొరుకుతాయి? మా నిజాంపేటలో అయితే సగం పని ఇప్పటికే అయిపోయింది. మధ్యాహ్నం మూడున్నర, నాలుగు గంటలకి ఏ అపార్ట్‌మెంట్ గేటు దగ్గరైనా చూడండి. స్కూల్ బస్సు కోసం తాతలూ అమ్మమ్మలూ నిలబడి ఉంటారు. ఒకాయన గొడుగు కింద. ఒకావిడ వాచ్‌మన్ కుర్చీలో. ఇంకొకాయన గోడ నీడన. చేతిలో మంచినీళ్ళ సీసా, బిస్కెట్ పొట్లం. రోజూ అదే వేళ, అదే చోటు, అదే మనుషులు. అయినా ఎవరి గోడ వాళ్ళదే. బస్సు రాగానే ఎవరి పిల్ల బ్యాగు వాళ్ళు భుజానికి తగిలించుకుని లిఫ్ట్ ఎక్కేస్తారు. ఏళ్ళ తరబడి పక్కపక్కన నిలబడినవాళ్ళకి ఒకరి ఊరు ఒకరికి తెలియదు.

ఇక్కడ చిన్న మార్పు చాలు. బస్సుకి ఇరవై నిమిషాలు ముందు దిగండి. పక్కన నిలబడ్డాయనతో, "బస్సు వచ్చేలోపు నాలుగు అడుగులు వేద్దామా మాస్టారూ?" అనండి. ఎండగా ఉంటే సెల్లార్‌లో నడవండి. కార్లన్నీ ఆఫీసులకి వెళ్ళి ఉంటాయి, సెల్లార్ ఖాళీగా ఉంటుంది. వారానికి అయిదు రోజులు స్కూలు. రోజుకి ఇరవై నిమిషాలు. అంటే వారానికి వంద నిమిషాలు, మీకు తెలియకుండానే.

అసలు ఎంత నడవాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క ఇది. అరవై అయిదు దాటినవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు, ఒక మోస్తరు వేగంతో ఒళ్ళు కదిలించాలి. ఒక్కసారే చెయ్యక్కర్లేదు, ముక్కలు ముక్కలుగా చెయ్యొచ్చు. ఒక మోస్తరు వేగం అంటే ఎంత? నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే కొలత. తోడు మనిషి ఉంటే ఈ కొలత సులువు. మాట్లాడలేక ఆయాసపడుతుంటే వేగం తగ్గించండి. హాయిగా కూనిరాగం తీయగలుగుతుంటే కాస్త పెంచండి.

నడక ఒక్కటే చాలదు. వారంలో మూడు రోజులు కాళ్ళ బలానికి, పడిపోకుండా నిలదొక్కుకోవడానికి కూడా కొంచెం చెయ్యాలి. దీనికి జిమ్ అక్కర్లేదు. చేతులున్న గట్టి కుర్చీని గోడకి ఆనించి పెట్టండి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, జారుతుంది. ముందుకి జరిగి కూర్చోండి. పాదాలు నేల మీద ఆనాలి. నెమ్మదిగా లేవండి. ఇంకా నెమ్మదిగా కూర్చోండి. మొదట్లో చేతుల మీద బలం వేసి లేచినా ఫర్వాలేదు. అయిదుసార్లతో మొదలుపెట్టండి. తర్వాత వంటింటి గట్టు పట్టుకుని ఒక కాలు కాస్త పైకెత్తి పది లెక్కపెట్టండి. రెండో కాలు కూడా. పాలు పొంగేలోపు అయిపోతుంది.

జాగ్రత్తలు కూడా వినండి. వెనక పట్టీ లేని రబ్బరు చెప్పులతో నడవకండి. గుండెలో నొప్పి, తల తిరగడం, విపరీతమైన ఆయాసం ఉంటే వెంటనే ఆగిపోండి, డాక్టర్‌కి చూపించండి. షుగర్‌కి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్ళు పరగడుపున నడవొచ్చా లేదా అన్నది ముందే మీ డాక్టర్‌ని అడగండి. మీ జేబులో పేరు, ఇంటి నంబరు, పిల్లల ఫోన్ నంబరు రాసిన కాగితం ఉంచుకోండి.

ఇక అమ్మమ్మలూ నాయనమ్మలూ, మీతో రెండు మాటలు. "పొద్దున్నుంచి ఇంటెడు చాకిరీ చేస్తూనే ఉన్నాను, ఇంకా నడకేమిటి?" అంటారు మీరు. నిజమే. మీ ఒళ్ళు కదులుతోంది, కాదనను. కానీ ఆ చాకిరీలో మీ ఈడు మనిషి ఎక్కడున్నారు? మీ ఊరి మాట, మీ కాలం మాట ఎవరితో చెప్పుకుంటున్నారు? వారానికి ఒకరోజు కూకట్‌పల్లి రైతు బజారుకి పక్కింటావిడతో కలిసి వెళ్ళండి. కూరలు వస్తాయి, నడక వస్తుంది. ఆవిడ నెల్లూరు చేపల పులుసు గురించి చెబుతుంది. మీరు సర్వపిండి గురించి చెబుతారు. బస్సు ఖర్చంటారా? తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ లేదు. అయితే ఈ రాష్ట్రం చిరునామా ఉన్న గుర్తింపు కార్డు ఉండాలి. ఊరి చిరునామాతోనే ఉన్న ఆధార్ అయితే టికెట్ తీసుకోవాలి, అది గుర్తుంచుకోండి.

నడవలేనివాళ్ళ మాటేమిటి? మంచం పట్టినవాళ్ళు, వీల్‌చెయిర్‌లో ఉన్నవాళ్ళు ఏం చెయ్యాలి? వాళ్ళకీ అదే సూత్రం. వేళ, చోటు, మనిషి. చోటు మీ ఇల్లే అవుతుంది. రోజూ పదింటికి ఒక ఫోన్. ఆదివారం సాయంత్రం ఇంటికి ఒక మనిషి, ఒక కప్పు టీ. ఆ పూట కూర్చున్న చోటే కాళ్ళు చాపి ముడవడం, చేతులెత్తి దించడం ఇద్దరూ కలిసి చెయ్యొచ్చు.

చెవి సరిగ్గా వినపడనివాళ్ళు ఇంకో రకంగా దూరమైపోతారు. నలుగురిలో కూర్చుంటే సగం మాటలు అందవు. మళ్ళీ మళ్ళీ అడగడం నామోషీ. అందుకని రావడమే మానేస్తారు. ఇంట్లోవాళ్ళేమో ఆయనకి చాదస్తం అనుకుంటారు. లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల బృందం 2024లో మతిమరుపు జబ్బుకి దారితీసే కారణాల్లో మనం సరిచేసుకోగలిగినవి పద్నాలుగు అని లెక్కవేసింది. వాటిలో చెవుడు ఉంది. కదలకుండా కూర్చోవడం ఉంది. నలుగురికీ దూరం కావడం ఉంది. కాబట్టి చెవి పరీక్ష చేయించుకోండి. మిషన్ పెట్టుకోవాల్సి వస్తే పెట్టుకోండి. కళ్ళజోడుకి లేని సిగ్గు చెవి మిషన్‌కి ఎందుకు?

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. ఇదంతా విని మీరు తలూపుతారు. కానీ మొదటి మాట ఎవరు కలపాలి? అక్కడే ఆగిపోతాం.

హెడ్‌మాస్టరుగా చేసిన ఒకాయన ఉన్నారనుకోండి. ఊళ్ళో ఆయన ఎదురైతే సైకిల్ దిగి నమస్కారం పెట్టేవాళ్ళు. ఆయన ఎవర్నీ పలకరించాల్సిన అవసరం రాలేదు. ఇక్కడికి వచ్చాక కూడా ఎవరో వచ్చి పలకరిస్తారనే చూస్తారు. ఎదురు గోడ దగ్గర నిలబడ్డాయన రిటైర్డ్ తహసీల్దారు. ఆయన కూడా అదే చూస్తున్నారు. ఇద్దరి బింకం మధ్యన మూడేళ్ళు గడిచిపోతాయి. తప్పు ఎవరిదీ కాదు. ఊరు మారింది, వరస మారింది. ఊళ్ళో అడిగించుకున్నవాళ్ళం ఇక్కడ మనమే ముందు అడగాలి.

అలా పెద్దవాళ్ళే ముందు అడిగితే ఏమవుతుందో, జింబాబ్వే దేశంలో జరిగింది వినండి. అక్కడ మానసిక వైద్యులు బహు తక్కువ. డిక్సన్ చిబాండా అనే డాక్టర్ 2006లో ఒక ఆలోచన చేశారు. పేటలో ఉండే నాయనమ్మలకి శిక్షణ ఇచ్చారు. మొదట పద్నాలుగు మందితో మొదలుపెట్టారు. ఆసుపత్రి ఆవరణలో ఒక చెక్క బెంచీ వేశారు. దిగులుతో వచ్చినవాళ్ళు ఆ బెంచీ మీద కూర్చుంటే నాయనమ్మ పక్కన కూర్చుని, సంగతేమిటి తల్లీ అని అడుగుతుంది, వింటుంది, దారి వెతుక్కోవడానికి సాయం చేస్తుంది. ఇది పనిచేస్తుందా అని పరీక్షించి చూశారు. మామూలు వైద్యం అందినవాళ్ళకంటే ఈ బెంచీ మీద కూర్చున్నవాళ్ళకి దిగులు బాగా తగ్గిందని తేలింది. ఆ ఫలితాలు 2016లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చాయి. పెద్దవాళ్ళంటే సాయం పొందేవాళ్ళే అనుకుంటాం. అక్కడ అడిగేది పెద్దవాళ్ళే, వినేది పెద్దవాళ్ళే.

మనకి శిక్షణ లేకపోవచ్చు. కానీ "భోజనం చేశారా?" అని అడగడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు కదా.

కాబట్టి నా మాటకి రెండో సగం ఇది. మనం రాకపోతే అడిగే మనిషి కావాలంటే, ముందు మనం ఇంకొకరి కోసం అడగాలి. మీరు ఒకరిని అడగండి. ఆ ఒకరు మిమ్మల్ని అడుగుతారు. వారం పడుతుందో నెల పడుతుందో చెప్పలేను. మొదటాయన ముక్తసరిగా మాట్లాడితే రెండో ఆయన్ని చూసుకోండి. కలిసినప్పుడు రోజూ రోగాల చిట్టా విప్పకండి, కోడళ్ళ మీద ఫిర్యాదులు చెయ్యకండి. మొదట్లో రాజకీయాలకి కూడా కాస్త సెలవివ్వండి. క్రికెట్ ఉంది, పాత సినిమాలున్నాయి, మీ ఊరి జాతర ఉంది. కావలసినన్ని కబుర్లు.

ఉద్యోగాలు చేసుకునే పిల్లలకి ఒక మనవి. ట్రాఫిక్ ఎక్కువ నాన్నా, బయటికెళ్ళకు అనే మాట ప్రేమతోనే అంటారు. కానీ ఆ ప్రేమ మీ నాన్నగారిని సోఫాకి కట్టేస్తుంది. ఆ మాటకి బదులు శనివారం పూట ఆయనతో కలిసి కిందికి దిగండి. అపార్ట్‌మెంట్‌లో ఆయన ఈడు వాళ్ళు ఎవరున్నారో కనుక్కోండి. ఒకరిని కాఫీకి పిలవండి. మనవల బాధ్యత నుంచి అమ్మకి వారానికి ఒక సాయంత్రం సెలవివ్వండి. ఎంత ఇష్టంగా చేసినా అది పనే.

ఎవరూ లేరు, మాట్లాడాలనుంది, లేదా ఇంట్లో చెప్పుకోలేని కష్టం ఉంది అనుకునే పెద్దవాళ్ళకి ఒక నంబరు. ఒకటి, నాలుగు, అయిదు, ఆరు, ఏడు. 14567. దీన్ని ఎల్డర్ లైన్ అంటారు. డబ్బు పడదు. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా పలుకుతారు. ఇవాళ దేశమంతా ఉన్న ఈ సేవ 2017లో మొదలైంది మన హైదరాబాద్‌లోనే. టాటా ట్రస్ట్స్, విజయవాహిని చారిటబుల్ ఫౌండేషన్ దీనికి శ్రీకారం చుట్టాయి. పింఛను సందేహమైనా, చట్టం గురించైనా, మనసు బాగాలేకపోయినా అడగొచ్చు. కాగితం మీద రాసుకోండి. 14567.

ఇక ముగిస్తాను. చెప్పినదంతా ఒక్కసారి గుర్తుచేసుకుందాం. పెద్ద వయసులో ఒళ్ళు కదలాలన్నా, మనసు తేలికపడాలన్నా, మనం రాకపోతే అడిగే మనిషి ఉండాలి. అందుకు వేళ ఒకటి, చోటు ఒకటి, మనిషి ఒకరు. ముందు అడగాల్సింది మనమే.

రేపు ఒక చిన్న పని చెయ్యండి. ఈ మధ్య కనపడని ఒకరిని తలుచుకోండి. ఫోన్ చెయ్యండి, లేదా వాళ్ళ తలుపు తట్టండి. "రెండ్రోజుల్నుంచి కనపడటం లేదేమండీ? రేపు సాయంత్రం కలిసి నడుద్దామా?" అని అడగండి. వేళ కూడా అప్పుడే చెప్పేయండి.